అంచెట్టికి పోయిన కోతులు

మాది అత్తిముగం దగ్గర పల్లె. రాగులూ టమేటాలూ పండించే ఇంట్లో పుట్టి, తొంభైల మొదట్లో హోసూరులో అంగడి నడుపుకునే ఇంటికి కోడలిగా వచ్చాను. అంగడి బజారులో ఉండేది. ఇల్లు మాత్రం అప్పటికి ఊరి చివర. ఇంటి వెనక పెద్ద దొడ్డి. దొడ్డిలో ఒక మేడిచెట్టు, రెండు నేరేడు చెట్లు, గోడ పొడుగునా కానుగలు. ఆ చెట్ల మీద ఒక కోతుల మంద కాపురం ఉండేది. పెళ్ళిచూపులప్పుడు ఇంట్లో ఎంతమంది ఉంటారని మావాళ్ళు అడిగారేగాని, చెట్టు మీద ఎంతమంది ఉంటారని అడగాలని ఎవరికీ తట్టలేదు.

వచ్చిన కొత్తలోనే, మిద్దె మీద ఆరేసిన నా పసుపు చీర మేడిచెట్టు చిటారుకొమ్మ నుంచి వేలాడింది. నేను కేకపెట్టి కిందికి పరుగెత్తుకొచ్చాను. మా అత్త వంటింట్లో నుంచి తల కూడా ఎత్తలేదు.

"భయపడద్దమ్మా. నువ్వు కొత్త గదా, చూసిపోను వచ్చినాయి" అంది.

మా అత్త పొట్టి మనిషి. మామ పోయినప్పటి నుంచీ పొద్దున ఒక పూట అంగట్లో కూర్చునేది, మిగిలిన పొద్దంతా ఇంట్లోనే. శనివారం వస్తే అంగడి నుంచి మగ్గిన అరటిపళ్ళు తెప్పించి, దొడ్డి గోడ మీద వరసగా పెట్టి, నాలుకతో టక్కుటక్కుమని చప్పుడు చేసేది. ఎక్కడెక్కడి కొమ్మల్లోనుంచో అవి దిగి వచ్చేవి. అన్నిటికంటే ముందు ఒక ఆడకోతి వచ్చేది. దానికి తోక సగమే ఉండేది. కరెంటు తీగ మీద కాలిందని కొందరు, కుక్క కొరికిందని కొందరు చెప్పేవాళ్ళు. మా అత్త దాన్ని మొండితోకది అనేది. అది పండు తీసుకుని అక్కడే కూర్చుని, మా అత్త వైపు వీపు పెట్టి తినేది. వీపు పెట్టిందంటే నమ్మకమని మా అత్త చెప్పేది. నాకైతే అది పొగరులా కనిపించేది.

మేడిపళ్ళ కాలంలో అవి మా జోలికే వచ్చేవి కావు. చెట్టు మీదే తిని, చెట్టు మీదే పడుకుని, మధ్యాహ్నాలు ఒకదాని తల ఒకటి చూసుకుంటూ గడిపేవి. మా పల్లెలో ఆడవాళ్ళు అరుగుల మీద కూర్చునేది గుర్తొచ్చేది నాకు. కొన్నాళ్ళకు భయం పోయింది. వాటి గోల లేకపోతే పొద్దెక్కినట్టు తెలిసేది కాదు.

ఆ పదేళ్ళలో హోసూరు ఎంత తొందరగా పెరిగిందో, అందులో ఉండి చూసిన నాకే సరిగ్గా చెప్పడానికి రాదు. చుట్టూ కంపెనీలు వచ్చాయి. కంపెనీల్లో పని కోసం తమిళం, కన్నడం, మలయాళం, హిందీ మాట్లాడేవాళ్ళంతా బస్సులు దిగారు. మా ఇంటి ముందున్న మామిడితోపు లేఅవుట్ అయింది. లేఅవుట్ అవతల ఇంకో లేఅవుట్. ఊరి చివర ఉన్న మా ఇల్లు ఎటూ కదలకుండానే ఊరి మధ్యకు వచ్చేసింది.

అంగడి కూడా మారింది. నేను వచ్చినప్పుడు బెల్లం, కందిబేడలు, ఉప్పు కాగితం పొట్లాల్లో కట్టి ఇచ్చేవాళ్ళు. తరువాత అంగడి ముందర చిప్సూ బిస్కట్లూ పెళ్ళిపందిట్లో తోరణాల్లా వేలాడాయి. జనం తినేది పెరిగింది, పారేసేది అంతకంటే పెరిగింది. మా వీధి చివర ఒక కల్యాణ మండపం కట్టారు. ముహూర్తాల రోజుల్లో ఆ సందులో అన్నం, వడలు, సగం కొరికిన జిలేబీలు ఆకులతో సహా కుప్పగా పడి ఉండేవి. కోతులు మేడిపళ్ళు వదిలేసి ఆ కుప్ప దగ్గరికి అలవాటు పడ్డాయి. తిండి బలం కాబోలు, పిల్లలు ఎక్కువయ్యాయి. ఏ ఆడకోతిని చూసినా పొట్టకు ఒక పిల్ల కరుచుకుని ఉండేది. చుట్టూ చెట్లు తగ్గిపోతుంటే మంద పెరగడమేమిటో నాకు అర్థమయ్యేది కాదు. బాగుపడుతున్నాయా చెడిపోతున్నాయా అని మా ఆయన్ని అడిగితే, మనమూ అంతే కదా అని నవ్వేశారు.

అంగడికి వచ్చేవాళ్ళలో సగం మంది సరుకుతో పాటు ఇల్లు కూడా అడిగేవాళ్ళు. బాడుగకు ఏమన్నా ఉందా, ఒక రూమున్నా చాలు అని. పిల్లలను వెంటబెట్టుకుని ఎండలో తిరిగేవాళ్ళను చూస్తే జాలేసేది. దొడ్డిలో పోర్షన్లు కడదామని మా ఆయన అన్నప్పుడు నేను కూడా మంచిదే అన్నాను. మా అత్త మాత్రం, మేడిచెట్టు జోలికి పోవద్దని చెప్పి ఊరుకుంది. మొదట నేరేళ్ళు కొట్టారు. తరువాత కానుగలు. పిల్లర్లకు గుంతలు తీసేటప్పుడు మేడిచెట్టు వేర్లు అడ్డం వచ్చాయి. వేర్లు కొడితే చెట్టు నిలవదని, నిలవని చెట్టు ఇంటి మీద పడుతుందని మేస్త్రీ చెప్పాడు. మా అత్త ఆ రోజు పొద్దున్నే చెట్టుకు పసుపూ కుంకుమా పెట్టి లోపలికి పోయి తలుపు వేసుకుంది.

చెట్టు కొడుతున్నంతసేపూ కోతులు పక్కింటి గోడ మీద కూర్చుని చూశాయి. అరవలేదు. నేను అరుస్తాయనుకున్నాను. కూలివాళ్ళు కూడా అదే అనుకుని చేతికి అందేట్టు కట్టెలు పెట్టుకున్నారు. సాయంత్రానికి చెట్టు మొద్దు కూడా పెకలించి, కొమ్మలు లారీకి ఎక్కించి పోయినాక అవి ఒక్కొక్కటే దొడ్లోకి దిగాయి. చెట్టు ఉన్న చోట మన్ను వాసన చూశాయి. మొండితోకది గుంత చుట్టూ తిరిగి, పైకి చూసింది. పైన ఏమీ లేదు. పొద్దు కూకే వేళకు అన్నీ మా మిద్దె ఎక్కి, నీళ్ళ ట్యాంకు మీద ఒకదాన్నొకటి పట్టుకుని ముద్దగా కూర్చున్నాయి. ఇక పోయేచోటు లేదని వాటికి అప్పుడే తెలిసిందో, మరి చెట్టు రేపు తిరిగి వస్తుందనుకున్నాయో.

ఆ తరువాత మాకూ వాటికీ మధ్య గోడ లేకుండా పోయింది. ట్యాంకు మూత తీసి అందులో ఈదేవి. కొళాయి తిప్పడం నేర్చుకున్నాయి, కట్టేయడం మాత్రం నేర్చుకోలేదు. పోర్షన్లలో దిగినవాళ్ళ వంటింట్లోకి దూరి ఫ్రిజ్జు తలుపు తీసేవి. ఎవరు కవరు పట్టుకుని వీధిలో నడిచినా వెంటపడేవి. బాడుగకున్నవాళ్ళు మొదట నవ్వారు, తరువాత విసుక్కున్నారు, తరువాత ఖాళీ చేస్తామన్నారు. మా అత్త శనివారం పళ్ళు పెట్టడం మానలేదు. పెట్టేది ఆమె, పడేది మేము అని పోర్షనులో ఒకావిడ నా ముందరే అంది.

ఒక సెలవు రోజు మధ్యాహ్నం నా కూతురు మిద్దె మీద బన్ను తింటూ కూర్చుంది. దానికప్పుడు ఏడేళ్ళు. ఒక మగకోతి వచ్చి బన్ను లాక్కుంది. పిల్ల వదల్లేదు. అది పిల్ల చేతిని మోచేయి నుంచి మణికట్టు దాకా గీరేసింది. నెత్తురు కారే చేతికి కొంగు చుట్టి, పిల్లను ఎత్తుకుని కిందికి పరుగెత్తాను. సూదులు వేయించడానికి ఆసుపత్రికి తిరిగిన ప్రతిసారీ పిల్ల నన్ను ఒకటే అడిగేది, కోతికి ఆకలైతే నన్నెందుకు గీరాలని. నేను బన్ను చేతిలో పట్టుకుని మిద్దె ఎక్కవద్దని మాత్రం చెప్పాను.

మా ఆయన, వీధివాళ్ళు కలిసి మున్సిపాలిటీ ఆఫీసుకు పోయి కోతులను పట్టించమని చెప్పుకున్నారు. కొన్నాళ్ళకు ఇద్దరు మనుషులు ఇనుప బోను తెచ్చి మా మిద్దె మీదే పెట్టారు. బోనులో అరటిపళ్ళు, చెనక్కాయలు. మొట్టమొదట లోపలికి పోయింది మొండితోకదే. మా మిద్దె మీద పెట్టిన పండు కదా, అది ఎందుకు అనుమానిస్తుంది? తలుపు పడింది. దాని పిల్ల బయట ఉండిపోయింది. ఆ పిల్ల కమ్మీలు పట్టుకుని వదలకపోతే, చివరికి ఆ మనుషులే తలుపు కాస్త ఎత్తి దాన్నీ లోపలికి పంపారు. వాళ్ళేమీ క్రూరంగా లేరు. నీళ్ళు పెట్టండని మా అత్త అడిగితే గిన్నెతో పెట్టారు. కొన్ని రోజుల్లోనే మందంతా పట్టుబడిపోయింది. ఎక్కడికి తీసుకుపోతారని అడిగితే, అంచెట్టి వైపు అడవిలో వదులుతామని చెప్పారు.

బండి మీద టార్పాలిన్ కట్టి పోతుంటే మా అత్త వీధి గుమ్మంలో నిలబడింది. నేను ఆమె పక్కన నిలబడి, అడవికే కదా అత్తా పోయేది, వాటి ఇంటికే కదా అన్నాను.

"వాటి ఇల్లు ఈడ గదమ్మా ఉండె" అంది.

బండి మలుపు తిరిగేదాకా ఆమె గుమ్మంలోనే నిలబడింది.

మిద్దె మీద మళ్ళీ మిరపకాయలు ఆరబోశాను. వడియాలు పెట్టాను. పిల్ల భయం లేకుండా ఆడుకుంది. అన్నీ బాగానే ఉన్నాయి. కానీ పొద్దున్నే మిద్దె ఎక్కి ట్యాంకు వైపు ఒకసారి చూడకుండా ఉండలేకపోయేదాన్ని. ఎందుకు చూస్తున్నానో, పోయాయన్న నిమ్మళం కోసమా, వచ్చాయేమోనన్న ఆశతోనా, నాకే తెలిసేది కాదు. కృష్ణగిరిలో మా ఆడబిడ్డ ఇంటికి పోయినప్పుడల్లా కొండ కింద కోతులు కనిపించేవి. మా అత్త ఆటో ఆపించి, ఒక్కొక్కదాని తోకా చూసేది. అంచెట్టికీ కృష్ణగిరికీ ఎంత దూరమో ఆమెకు తెలియనిది కాదు.

అప్పటికి రెండువేల సంవత్సరం దాటి నాలుగైదేళ్ళయింది. దొడ్డిలో కింది పోర్షనుకు ఒక జంట దిగింది. ఆ అబ్బాయి కంపెనీలో షిఫ్టు పని. అమ్మాయి నిండు చూలాలు. ఇంట్లో తెలుగే మాట్లాడతారని తెలిసి మా అత్త సంతోషపడింది. ఏ ఊరని అడిగితే, అంచెట్టి దాటినాక కొండల్లో ఒక పల్లె అన్నారు. పొద్దునొక బస్సు, సాయంత్రమొక బస్సు, అంతే మా ఊరికి అని ఆ అమ్మాయి చెప్పింది.

కాన్పు సమయానికి ఆ అబ్బాయి తల్లి వచ్చింది. నెత్తిన రాగుల మూట, చేతిలో అనపకాయల సంచి. ఎండకు నల్లబడిన ఒళ్ళు, నడుము కాస్త వంగిన మనిషి. మా పిల్ల ఆమెను మొదటి రోజే అంచెట్టి అవ్వ అని పిలిచింది, అదే పేరై నిలిచింది. సాయంత్రాలు మా వంటింటి గడప మీద కూర్చుని అనపకాయలు వలిచేది. ఒక రోజు అలా వలుస్తూ, వచ్చేసారి చెనక్కాయలు తెస్తామంటే లేవని, చెనక్కాయ వెయ్యడమే మానేశామని అంది. ఎందుకని అడిగాను.

"కోతులమ్మా" అంది. "అడివి కోతులు మాకు కొత్త గాదు. అవి మనిషిని చూస్తే పారిపోతాయి. ఇవి పారిపోవు. తలుపు గడి తీస్తాయి. కొళాయి తిప్పుతాయి. బిస్కట్ కవరు ఎట్ల చించుతాయంటే, నాకే అట్ల చించేది రాదు. టౌన్లో యాడనో పట్టి తెచ్చి ఇడిసిపోయినారంట."

పొయ్యి దగ్గరున్న మా అత్త ఇటు తిరిగింది. దాచడానికి ఏముంది, మా మిద్దె మీద నుంచే పట్టుకుపోయినారు, అవి మావే అయ్యుంటాయి అని చెప్పాను. నా కూతురి చేయి చూపించాను. గీరిన గీత ఇంకా తెల్లగా కనిపిస్తూనే ఉండేది. అవ్వ ఆ చేతిని తన చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది.

"మీరేం చేస్తారు. బిడ్డను గీరినాక" అంది.

మళ్ళీ వలవడం మొదలుపెట్టింది. కోపం లేదు ఆమె మాటలో. కోపం ఉండి ఉంటే నాకు సులువుగా ఉండేదేమో. నేనేదో ఒకటి తిరిగి అనేదాన్ని.

ఏడాదికి బిడ్డకు పుట్టువెంట్రుకలు తీయించడానికి వాళ్ళ ఊరికి పోతూ మమ్మల్నీ పిలిచారు. మా ఆయనకు అంగడి వదిలే వీలు లేదు. నేను, మా అత్త పోయాము. డెంకణికోట దాటినాక రోడ్డుకు రెండు వైపులా అడవి. అంచెట్టి నుంచి ఇంకో బస్సు మారాము. కొండ మలుపుల్లో మా అత్త కిటికీ కమ్మీ పట్టుకుని చెట్ల వైపే చూస్తూ కూర్చుంది. అన్ని చెట్లున్నాయి, ఒక్క కోతి కనిపించలేదు. నాకు ఆశ్చర్యమేసింది.

ఊళ్ళో బస్సు ఆగగానే తెలిసింది అవి ఎక్కడున్నాయో. బస్సు నిలిచే చోట ఒక రేకుల అంగడి ఉంది. ఆ రేకుల మీద, ఎదురుగా బడి గోడ మీద, బోరింగు దగ్గర, అన్నిచోట్లా కోతులే. వాటి వెనకాల నాలుగడుగుల్లో అడవి మొదలవుతుంది. అవి అటు చూడటం లేదు. బస్సు వైపు చూస్తున్నాయి. దిగినవాళ్ళ చేతుల్లో ఏమున్నాయో చూస్తున్నాయి. ఇళ్ళ పెంకుల మీద ముళ్ళకంపలు పరిచి ఉన్నాయి. వాకిట్లో ఎండబెట్టిన రాగుల దగ్గర ఒక ముసలాయన కట్టె పట్టుకుని కూర్చున్నాడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆయనకు అదే పనట.

రేకుల మీద ఒక చివర ఒక ముసలి ఆడకోతి కూర్చుని ఉంది. దానికి తోక సగమే ఉంది. మా అత్త నా చేయి పట్టుకుని ఆగిపోయింది. తరువాత నాలుకతో టక్కుటక్కుమంది. అది తల తిప్పి చూసింది. దానితో పాటు రేకుల మీదున్నవన్నీ చూశాయి. చూసి, మా చేతుల్లో ఏమీ లేదని తెలిసి, మళ్ళీ బస్సు వైపు తిరిగాయి.

మా అత్త అదే అది అని తేల్చేసింది. కావచ్చు. తోక తెగిన కోతులు ఎన్ని ఉండవు, చప్పుడు చేస్తే ఏ కోతి చూడదు. కానీ తిరిగినప్పుడు దాని వీపు మా వైపే ఉంది. అందులో నమ్మకముందో ఏముందో ఇప్పటికీ నాకు తెలియదు.

అవ్వ చేను చూడటానికి పోయాము. కొండవాలు మీద సన్నటి ముక్క. పైభాగంలో ఉలవ, కింద భాగం బీడు. చెనక్కాయ మొలకెత్తేటప్పుడే పెరికేసేవట. రెండేళ్ళు చూసి మానేసిందట. ఊరివాళ్ళు ఫారెస్టు ఆఫీసుకు పోయి ఈ కోతులను పట్టుకుపొమ్మని అడిగారట. పట్టి ఎక్కడ వదలమంటారు, ఇదే కదా అడవి అని అన్నారట అక్కడివాళ్ళు. ఇది చెబుతూ అవ్వ నవ్వింది.

"మీ ఊరోళ్ళు వద్దంటారు, మా ఊరోళ్ళు వద్దంటారు. అవి యాడ పుట్టాల?" అంది.

ఆ రోజు భోజనాలు ఇంట్లో తలుపులేసుకుని చేశాము. బయట పెంకుల మీద అవి నడుస్తున్న చప్పుడు వింటూ ముద్ద మింగుతుంటే, నేను ఎవరింట్లో ఉన్నానో, హోసూరులోనా అంచెట్టిలోనా అని ఒక క్షణం తికమకపడ్డాను.

తరువాతి వానాకాలం పోయినాక అవ్వ ఊరు వదిలి కొడుకు దగ్గరికే వచ్చేసింది. ఒంటరిగా కట్టె పట్టుకుని చేను కాయలేనని చెప్పింది. కొడుక్కీ అదే కావలసింది, మనవణ్ణి చూసుకునే మనిషి కావాలి. కోతుల వల్లనే వచ్చిందని అనలేను, కోతులు లేకపోతే వచ్చేదనీ అనలేను. ఏదైతేనేం, మేడిచెట్టు కొట్టి కట్టిన గదిలో ఆమె చాప వేసుకుని పడుకునేది.

మా అత్తా ఆమే బాగా కలిసిపోయారు. మధ్యాహ్నాలు మిద్దె మీద ట్యాంకు నీడలో కూర్చుని, ఒకరు కోతులు లేక ఇల్లు బోసిపోయిందని, ఒకరు కోతుల వల్ల చేను పోయిందని చెప్పుకునేవాళ్ళు. ఒకరి మాటను ఒకరు కాదనేవాళ్ళు కాదు. కింద బట్టలు ఉతుకుతూ వింటున్న నాకు ఇద్దరూ ఒకే ఊరి గురించి, ఒకే చుట్టాల గురించి మాట్లాడుతున్నట్టు ఉండేది.

ఒక శనివారం ఎటునుంచి వచ్చిందో ఒక ఒంటరి మగకోతి మిద్దె పిట్టగోడ మీదికి దిగింది. డొక్కలు లోపలికి పోయి ఉన్నాయి. మా అత్త చప్పుడు చేయకుండా లేచి కిందికి వచ్చి, అరటిపండు తీసుకుని మళ్ళీ పైకి పోయింది. ఏమవుతుందోనని నేనూ వెనకాలే ఎక్కాను. అవ్వ కట్టె అందుకుంటుందని అనుకున్నాను. ఆమె కట్టె తీయలేదు. వచ్చి మా అత్త చేయి పట్టుకుంది.

"పెట్టద్దమ్మా" అంది.

"ఆకలితో వచ్చిందే" అంది మా అత్త.

"పెడితే రేపూ వస్తాది. నాలుగు దినాలు పోతే యా బిడ్డనో గీరతాది. మళ్ళా బోను తెస్తారు. తెచ్చి మళ్ళా ఆడికే ఇడుస్తారు."

పండు మా అత్త చేతిలోనే ఉంది. కోతి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. పెట్టాలా వద్దా అని నన్ను అడిగి ఉంటే నేను ఏం చెప్పేదాన్నో. కాసేపటికి అదే విసిగి, కేబుల్ తీగ పట్టుకుని పక్క మిద్దెకు పోయింది, అక్కడి నుంచి ఇంకో మిద్దెకు. కనుచూపు మేర అన్నీ మిద్దెలే. అది కనబడకుండా పోయినాక మా అత్త పండు ఒలిచి, రెండు ముక్కలు చేసి, ఒకటి అవ్వకిచ్చింది.

అవ్వ కొడుకు అంచెట్టి భూమి అమ్మేసి ఇక్కడ ఒక సైటు తీసుకుంటానని మా ఆయనతో చెప్పాడు. ఎన్నాళ్ళని బాడుగకుంటాం, బిడ్డకొక ఇల్లుండాలి కదా అన్నాడు. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. మా అత్తిముగం వైపు కొత్తగా వేసిన లేఅవుట్‌లో సైటు చూశారు. ఆ వైపు నాకు తెలుసు కనుక నన్నూ రమ్మన్నారు. నేను, అవ్వ, కొడుకూ కోడలూ బస్సులో పోయాము. నా చిన్నప్పుడు ఉలవలు వేసేవాళ్ళు ఆ నేలలో. ఇప్పుడు వరసగా తెల్లరాళ్ళు, మధ్యలో మట్టిరోడ్లు.

వాళ్ళ సైటులో కాలు పెట్టగానే ఒక తీతువు పిట్ట నెత్తి మీద అరుస్తూ తిరగడం మొదలుపెట్టింది. కోడలు మొహం వాడిపోయింది. తీతువు అరిస్తే మంచిది కాదంటారు కదా, వేరే సైటు చూద్దామంది. మా పొలంలో పెరిగినదాన్ని కనుక నాకు తెలుసు. గుడ్లు పెట్టి ఉంటుంది, కాలు చూసి వెయ్యమని చెప్పాను. వెతికితే కనిపించాయి. గూడూ పాడూ లేదు, హద్దురాయి పక్కన గులకరాళ్ళలో కలిసిపోయి నాలుగు మచ్చల గుడ్లు. ఆ అబ్బాయి చుట్టూ పెద్ద రాళ్ళు పేర్చి, ఒక పుల్లకు తన చేతిరుమాలు కట్టి నిలబెట్టాడు. పునాది తీసేలోగా పిల్లలై పోతాయిలే అన్నాడు.

వాళ్ళకు ఆ సైటు కుదిరింది. కొన్నాళ్ళకు మళ్ళీ పోయి చూస్తే, రోడ్డుకు కంకర తోలే యంత్రం ఆ పక్కనే తిరిగి ఉంది. రాళ్ళు చెదిరి ఉన్నాయి, రుమాలు మట్టిలో ఉంది. గుడ్లు లేవు, పెంకులూ లేవు. పిల్లలై నడిచిపోయాయో, కుక్కలు తిన్నాయో, చక్రం కింద పడ్డాయో ఎవరికి తెలుసు. ఎక్కడో దూరంగా ఒక తీతువు అరుస్తూనే ఉంది, అదో కాదో.

ఇల్లు రెండు గదులది, ముచ్చటగా కట్టుకున్నారు. పాలు పొంగించిన రోజు మేమందరం పోయాము. అవ్వ అప్పటికే గోడ పక్కన అనప విత్తనాలు పెట్టేసింది. మా అత్త ఆమెకు ఎర్రంచు చీర పెట్టింది. సాయంత్రం బస్సు దాకా మమ్మల్ని సాగనంపడానికి వచ్చిన కోడలు, దారిలో నా చేయి పట్టుకుని అడిగింది.

"అక్కా, మీ పుట్టింటోళ్ళ భూమి ఈ పక్కనే గదా. అమ్మేటిగా ఉంటే చెప్పండి. మా తమ్ముడు కూడా కంపెనీకి వచ్చినాడు. వాడికీ ఒక ఇల్లు కావాల."

అడిగి చెబుతాలే అన్నాను. ఆ రాత్రి భోజనాలయ్యాక మా అన్నకు ఫోను చేశాను. వాన పడిందా అని అడిగాను. రాగులెట్లా ఉన్నాయి, ఈసారి అడవి పందులు వచ్చాయా అని అడిగాను. రాలేదు, ఈ మధ్య నక్కలు కూడా కూయడం లేదు, అంతా బండ్ల చప్పుడే అన్నాడు. ఇంకేమన్నా ఉందా అని తనే అడిగాడు. భూమి మాట అడగాలో వద్దో తేలక, ఏమీ లేదన్నా అని ఫోను పెట్టేశాను.